చివరి కుళాయి దాకా క్లోరిన్

మూలకాల ఆవర్తన పట్టికలో క్లోరిన్ సంఖ్య 17. దాని పరమాణువులోని 17 ఎలక్ట్రాన్లు మూడు కక్ష్యల్లో రెండు, ఎనిమిది, ఏడు చొప్పున సర్దుకొని ఉంటాయి. వెలుపలి కక్ష్య నిండాలంటే ఎనిమిది కావాలి, ఉన్నవి ఏడు. ఈ ఒక్క ఎలక్ట్రాన్ లోటు క్లోరిన్ స్వభావాన్ని దాదాపు పూర్తిగా నిర్ణయిస్తుంది. పరమాణువు బయటి నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు విడుదలయ్యే శక్తి అన్ని మూలకాల్లోనూ క్లోరిన్‌కే ఎక్కువ. ఎదురుపడిన పదార్థం నుంచి ఎలక్ట్రాన్లను లాక్కొనే ఈ గుణాన్ని రసాయనశాస్త్రం ఆక్సీకరణం అంటుంది, అలా లాక్కొనే పదార్థాన్ని ఆక్సీకరణి అంటుంది. ఇంత చురుకైన మూలకం ప్రకృతిలో ఒంటరిగా మిగలదు కనుక, అది ఎప్పుడో తన లోటు తీర్చుకొని, క్లోరైడ్ అయాన్‌గా మారి, సోడియంతో జతకట్టి, సముద్రంలో ఉప్పుగా స్థిరపడిపోయింది. శ్రీకాకుళం జిల్లా నౌపడా మళ్లలోనూ, చినగంజాం కొఠారుల్లోనూ ఎండకు తేలే ఉప్పు రాశిలో, బరువు ప్రకారం చూస్తే, సగానికి మించినది క్లోరినే. అయితే అది ఆకలి తీరిన క్లోరిన్, ఎవరికీ హాని చేయనిది, పైగా మనిషి దేహానికి తప్పనిసరైనది.

ఆ ఉప్పును నీటిలో కరిగించి విద్యుత్తు పంపితే, క్లోరైడ్ అయాన్ చేర్చుకున్న ఎలక్ట్రాన్‌ను తిరిగి వదులుకుంటుంది, పరమాణువులు రెండేసి జతపడి క్లోరిన్ వాయువుగా పైకి వస్తాయి. రెండో ధ్రువం దగ్గర హైడ్రోజన్ వెలువడుతుంది, పాత్రలో కాస్టిక్ సోడా మిగులుతుంది. ఈ ప్రక్రియను విద్యుద్విశ్లేషణం అంటారు. ప్రపంచంలో వాడుతున్న క్లోరిన్‌లో అత్యధిక భాగం ఈ మార్గానే తయారవుతోంది. ఇలా వచ్చిన వాయువు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో, ముక్కును ఘాటుగా తాకే వాసనతో ఉంటుంది. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి నేలను అంటిపెట్టుకొని పల్లానికి పాకుతుంది. సాధారణ పీడనం వద్ద మైనస్ 34 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే ద్రవమవుతుంది, అంత చల్లదనం లేకపోయినా తగిన ఒత్తిడి కలిగిస్తే చాలు, ద్రవరూపంలోకి మారి ఉక్కు సిలిండర్లలో ఇముడుతుంది.

ఈ వాయువును 1774లో స్వీడన్‌కు చెందిన కార్ల్ విల్‌హెల్మ్ షీలే, మాంగనీసు ఖనిజాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేసి మొదటిసారి వేరుచేశాడు. అయితే అది ఏదో సమ్మేళనమనే ఆయనా, ఆయన సమకాలికులూ భావించారు. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అది విడదీయరాని మూలకమని నిర్ధారించి, దానికి క్లోరిన్ అనే పేరు పెట్టాడు. 1774, 1810ల నడుమనే బట్టల పరిశ్రమ దాని ఉపయోగాన్ని కనిపెట్టింది. తడిసిన గుడ్డ మీద రంగును క్లోరిన్ హరిస్తుందని, పొడి గుడ్డ మీద పొడి క్లోరిన్ అలా చేయలేదని తెలిసింది. అంటే అసలు పనిచేసేది వాయువు కాదని, వాయువూ నీరూ కలిసి పుట్టించే మరొక పదార్థమని అప్పుడే సూచన దొరికింది. 1799లో గ్లాస్గో నగరంలో చార్లెస్ టెనెంట్ పొడి సున్నానికి క్లోరిన్‌ను పట్టించి బ్లీచింగ్ పౌడర్ తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. తెలుగు పాఠ్యపుస్తకాలు విరంజన చూర్ణమని పిలిచే ఈ తెల్లటి పొడి నేటికీ గ్రామ పంచాయతీ కార్యాలయాల్లో, సంచుల్లో కనిపిస్తూనే ఉంది.

బట్టల నుంచి మనిషి ఆరోగ్యానికి క్లోరిన్ వచ్చిన దారి మాత్రం ఒక తప్పుడు ఊహ మీదుగా సాగింది. పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు రోగాలకు దుర్గంధమే కారణమని నమ్మారు. క్లోరిన్ దుర్గంధాన్ని పోగొడుతుంది కనుక రోగాన్నీ పోగొడుతుందని అనుకున్నారు. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్, శవపరీక్షలు చేసి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే వైద్య విద్యార్థుల చేతులకు అంటిన శవాల వాసనను పోగొట్టగలదని ఎంచుకొని, క్లోరినీకరించిన సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని కట్టడి చేయగా, బాలింతల మరణాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. సూక్ష్మజీవి సంగతి ఆయనకు తెలియదు, తెలిసే కాలమూ కాదు. అయినా ఫలితం కళ్లెదుట నిలిచింది. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ కలరా మరణాలను ఇంటింటికీ లెక్కగట్టిన జాన్ స్నో, రోగం గాలిలో కాక నీటిలో వస్తున్నదని వాదించాడు. 1884 తొలినాళ్లలో రాబర్ట్ కాఖ్ కలకత్తాలో రోగుల దేహాలలోనూ, అక్కడి చెరువు నీళ్లలోనూ కలరా క్రిమిని గుర్తించడంతో ఆ వాదానికి స్థిరమైన పునాది దొరికింది. తెలంగాణ పల్లెలు గత్తర అని పిలిచి, ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పారిపోయిన వ్యాధికి మూలం తాగే నీళ్లలోనే ఉన్నదని ప్రపంచానికి రుజువు దొరికినది ఈ దేశపు నీళ్లలోనే.

నీళ్లలో క్లోరిన్ కలపడం మొదట అత్యవసర చికిత్సగానే ఆరంభమైంది. ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణంలో 1897లో టైఫాయిడ్ ప్రబలి వందమందికి పైగా మరణించినప్పుడు, నీటి గొట్టాలను బ్లీచింగ్ పౌడర్ ద్రావణంతో శుద్ధిచేశారు. 1905లో లింకన్ నగరంలో అదే జ్వరం వ్యాపించగా, అలెగ్జాండర్ హూస్టన్ పర్యవేక్షణలో ఊరి నీటికి సోడియం హైపోక్లోరైట్‌ను విడవకుండా కలుపుతూ వచ్చారు. ఇక్కడ భారతదేశానికి సంబంధించిన ఒక పేరును తప్పక చెప్పుకోవాలి. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన విన్సెంట్ నెస్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ అధికారి, ఒత్తిడితో ద్రవంగా మార్చిన క్లోరిన్‌ను లోహపు పాత్రల్లో నిలవచేసి తాగునీటి శుద్ధికి వాడవచ్చునని 1903లోనే ప్రతిపాదించాడు. నేడు పెద్ద నీటిశుద్ధి కేంద్రాల్లో కనిపించే సిలిండర్లకు మూలమైన ఆలోచన అదే.

రోగం వచ్చాక కాకుండా, రాకముందే, ప్రతి రోజూ, నగరమంతటికీ క్లోరిన్ కలిపిన నీళ్లు ఇవ్వాలన్న నిర్ణయం అమెరికాలో జెర్సీ సిటీకి నీరందించే బూంటన్ జలాశయం దగ్గర 1908 సెప్టెంబరు 26న ఆచరణలోకి వచ్చింది. నీరు సరఫరా చేసే ప్రైవేటు సంస్థ, ఒప్పందం ప్రకారం శుద్ధమైన నీరు ఇవ్వడం లేదని నగరపాలక సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది; ఆ ప్రైవేటు సంస్థకు సలహాదారుగా ఉన్న వైద్యుడు జాన్ లీల్, జార్జ్ ఫుల్లర్ అనే ఇంజనీరు చేత యంత్రాంగాన్ని రూపొందింపజేసి, బ్లీచింగ్ పౌడర్ ద్రావణాన్ని అతి తక్కువ మోతాదులో నీటికి కలపడం ప్రారంభించాడు. తాగే నీళ్లలో విషం కలుపుతున్నారన్న ఆరోపణకు ఆయన కోర్టులో రోజుల తరబడి సమాధానం చెప్పవలసివచ్చింది. చివరికి 1910లో తీర్పు ఆ పద్ధతికి అనుకూలంగా వచ్చింది, ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే అమెరికా నగరాలు ఒకదాని వెంట ఒకటి ఆ దారి పట్టాయి. ముందుగా ప్రజలకు తెలియజేయకుండా ఆ పని చేయడం నేటి ప్రమాణాలతో చూస్తే సమర్థనీయం కాకపోవచ్చు. కానీ నీటిలో వచ్చే రోగాలకు కుటుంబాలు కుటుంబాలే బలయిన ఆ రోజుల్లో, పర్యవసానానికి తానే బాధ్యత వహించి నిలబడిన ఆ వైద్యుని ధైర్యం చరిత్రలో దక్కవలసినంత గుర్తింపును దక్కించుకోలేదు. బూంటన్‌లో ఆ పని మొదలైన రెండు రోజులకు, సెప్టెంబరు 28న, హైదరాబాదులో మూసీ నది ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ విపత్తు పర్యవసానంగా వెలసిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలే తరువాత దశాబ్దాలపాటు ఆ నగరానికి తాగునీరు ఇచ్చాయి.

క్లోరిన్ నీటిలో చేరగానే ఏం జరుగుతుందన్నది ఈ విషయానికంతటికీ కేంద్రం. క్లోరిన్ అణువు నీటి అణువుతో చర్య జరిపి రెండు ఆమ్లాలుగా విడిపోతుంది. ఒకటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని పాత్ర ఇక్కడ స్వల్పం. రెండోది హైపోక్లోరస్ ఆమ్లం. క్రిములను చంపేది ఇదే. బ్లీచింగ్ పౌడర్ వేసినా, సోడియం హైపోక్లోరైట్ ద్రావణం పోసినా, వాయువును పంపినా, నీటిలో చివరికి పుట్టవలసినది ఈ హైపోక్లోరస్ ఆమ్లమే. దీని అణువుకు విద్యుదావేశం లేదు, పరిమాణమూ చిన్నదే. కనుక సూక్ష్మజీవి చుట్టూ ఉండే పొరను సులభంగా దాటి లోపలికి చొచ్చుకుపోయి, అక్కడి ఎంజైములను, మాంసకృత్తులను ఆక్సీకరించి, జీవక్రియను నిలిపివేస్తుంది. విశేషమేమంటే, మనిషి రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు కూడా, తాము మింగిన క్రిములను చంపడానికి, దేహంలోని క్లోరైడ్ నుంచి ఇదే హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేసుకుంటాయి. నగరాలు 20వ శతాబ్దంలో నేర్చుకున్న రసాయన విద్యను మానవ దేహం అనాదిగా ఆచరిస్తూనే ఉంది.

అయితే ఈ ఆమ్లం నీటిలో ఆమ్లంగానే నిలిచి ఉండదు. అందులో కొంత భాగం విడిపోయి హైపోక్లోరైట్ అనే రుణావేశ అయాన్‌గా మారుతుంది. సూక్ష్మజీవుల పైపొర కూడా రుణావేశం కలిగినదే కనుక అది ఈ అయాన్‌ను దగ్గరకు రానివ్వదు. ఆమ్లంతో పోలిస్తే అయాన్‌కున్న క్రిమిసంహారక శక్తి అనేక పదుల రెట్లు తక్కువ. ఈ రెండింటి నిష్పత్తిని నిర్ణయించేది నీటి పీహెచ్, అనగా నీటిలోని ఆమ్ల క్షార గుణాల కొలత. పీహెచ్ 7.5 దగ్గర రెండూ చెరి సగం ఉంటాయి, 6.5 దగ్గర పదింట తొమ్మిది పాళ్లు ఆమ్లమే, 8.5 దగ్గర పదింట ఒక పాలు మాత్రమే ఆమ్లం. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి అనుమతించిన పీహెచ్ పరిధి సరిగ్గా 6.5 నుంచి 8.5 వరకు. అంటే ప్రమాణం ప్రకారం మంచివే అనిపించుకున్న రెండు ఊళ్ల నీళ్లలో ఒకే మోతాదు క్లోరిన్ వేసినా, ఒక ఊళ్లో అది పూర్తి బలంతోనూ, మరో ఊళ్లో బలహీనంగానూ పనిచేసే అవకాశం ఉంది. క్షార గుణమున్న నీటికి ఎక్కువ సేపు సమయం ఇవ్వక తప్పదు. ఊరట కలిగించే సంగతి ఒకటుంది: ఆమ్లం ఖర్చవుతున్న కొద్దీ అయాన్ తిరిగి ఆమ్లంగా మారుతూ ఆ లోటును పూరిస్తుంది కనుక, అయాన్ రూపంలో ఉన్నది వ్యర్థం కాదు, నిలవలో ఉన్న సరుకు.

కలిపిన క్లోరిన్ మొత్తం క్రిముల మీదికే పోతుందని అనుకుంటే పొరపాటు. దానికి ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికినా సమ్మతమే కాబట్టి, నీటిలో కరిగిన ఇనుము, మాంగనీసు, హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన ఆకుల నుంచి వచ్చిన సేంద్రియ పదార్థాలు ముందుగా దాన్ని తినేస్తాయి. ఇలా ఖర్చయ్యే భాగాన్ని ఆ నీటి క్లోరిన్ అవసరమని అంటారు. అది తీరాక మిగిలినదాన్ని అవశేష క్లోరిన్ అంటారు. మురుగు కలిసిన నీటిలో అమ్మోనియా ఉంటుంది. క్లోరిన్ దానితో కలిసి క్లోరమీన్లనే సమ్మేళనాలుగా మారుతుంది. వాటికీ క్రిములను చంపే శక్తి ఉన్నా అది చాలా మందకొడిది. మోతాదు పెంచుతూ పోతే మొదట క్లోరమీన్లు పెరుగుతాయి, తరువాత, కలిపే క్లోరిన్ పెరుగుతున్నా, విచిత్రంగా కొలతలో క్లోరిన్ తగ్గుతూ వస్తుంది. ఆ దశలో క్లోరమీన్లు ఛేదించబడి నత్రజనిగా గాలిలో కలిసిపోతుంటాయి. అమ్మోనియా నత్రజని బరువుకు ఎనిమిది నుంచి పది రెట్ల వరకు క్లోరిన్ కలిపాక ఆ తగ్గుదల ఆగి, అక్కడి నుంచి కలిపిన ప్రతి పాలూ స్వేచ్ఛా క్లోరిన్‌గా, అంటే అమ్మోనియాతో కలవని క్లోరిన్‌గా, నిలుస్తుంది. ఆ మలుపును బ్రేక్ పాయింట్ అంటారు. ఈతకొలనుల దగ్గర కళ్లు మండించే ఘాటు వాసన కూడా స్వేచ్ఛా క్లోరిన్‌ది కాదు. మనుషుల చెమట, మూత్రంతో కలిసి పుట్టిన క్లోరమీన్లది. క్లోరిన్ ఎక్కువైందని ఫిర్యాదు వచ్చే కొలనుల్లో చాలావాటికి నిజానికి కావలసింది మరికొంత క్లోరిన్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పీహెచ్ 8 కన్నా తక్కువగా ఉన్న నీటిలో, కనీసం 30 నిమిషాలు గడిచిన తరువాత, లీటరుకు 0.5 మిల్లీగ్రాముల స్వేచ్ఛా అవశేష క్లోరిన్ ఉండాలి. వినియోగదారునికి నీరు అందే చోట 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. భారత ప్రమాణమూ ఆ 0.2 మిల్లీగ్రాములనే కనీస పరిమితిగా పెట్టింది. ఈ స్వల్ప పరిమాణానికి ఉన్న విలువే క్లోరిన్‌ను ఇతర శుద్ధి పద్ధతుల నుంచి వేరుచేస్తుంది. ఓజోన్ క్రిములను క్లోరిన్ కన్నా వేగంగా చంపుతుంది, అతినీలలోహిత కిరణాలు రసాయనమేదీ కలపకుండానే చంపుతాయి. కానీ రెండింటి ప్రభావమూ శుద్ధి కేంద్రం గడప దగ్గరే ఆగిపోతుంది. క్లోరిన్ ఒక్కటే సాగనంపడానికి వచ్చిన బంధువులాగా నీటి వెంట కుళాయి దాకా నడుస్తుంది.

అంతమాత్రాన క్లోరిన్ ఒక్కటే చాలునని భావించరాదు. బురద నీటిలో ప్రతి మట్టి రేణువూ తన చాటున క్రిములను దాచుకుంటుంది. ఆమ్లం ఆ రేణువును చీల్చుకొని లోపలికి పోలేదు. అందుకే నదుల నుంచి, కాలువల నుంచి తీసుకున్న నీటికి మొదట పటిక కలిపి, మట్టిని ముద్దలుగా చేర్చి అడుగున దించి, పైన తేరిన నీటిని ఇసుక పడకల్లో వడగట్టి, అప్పుడే క్లోరిన్ కలుపుతారు. వరదల రోజుల్లో మట్టిరంగు నీళ్లలో గుప్పెడు పొడి చల్లి శుద్ధి అయిందనుకోవడం ప్రమాదకరం. క్లోరిన్‌కు లొంగని క్రిములూ ఉన్నాయి. మందపాటి కవచం కలిగిన క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో, క్లోరిన్ కలిపిన నీటి ద్వారానే, దాదాపు నాలుగు లక్షల మందిని అస్వస్థుల్ని చేసింది. వడపోతలో జరిగిన లోపాన్ని క్లోరిన్ పూడ్చలేకపోయింది. ఇక కరిగిన లవణాల విషయంలో దాని శక్తి శూన్యం. నల్లగొండ ప్రాంతాన్ని తరాల తరబడి కుంగదీసిన ఫ్లోరైడ్, క్లోరిన్ కుటుంబానికే చెందిన ఫ్లోరిన్ మూలకపు అయానే. క్లోరిన్ దాన్ని కదిలించలేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అనగా నీరీ, రూపొందించి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టిన ప్రక్రియలో ఫ్లోరైడ్‌ను తొలగించే పని పటికా సున్నం చేస్తాయి, క్రిములను చంపే పని బ్లీచింగ్ పౌడర్ చేస్తుంది.

క్లోరిన్ మీద వచ్చిన గంభీరమైన ఆక్షేపణను దాచిపెట్టవలసిన అవసరం లేదు. 1974లో రాటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసిన యోహానెస్ రూక్, కుళ్లిన వృక్షపదార్థంతో క్లోరిన్ చర్య జరిపినప్పుడు క్లోరోఫామ్ మొదలైన ట్రైహాలోమీథేన్లు పుడతాయని వెల్లడించాడు. దీర్ఘకాలం తాగితే వీటిలో కొన్ని క్యాన్సర్‌కు దోహదం చేయవచ్చుననే అనుమానంతో అమెరికా 1979లోనే వాటికి పరిమితి విధించింది. భారత ప్రమాణంలోనూ పరిమితులున్నాయి. దీనికి విరుగుడు క్లోరిన్ మానేయడంలో లేదు. క్లోరిన్ కలపకముందే సేంద్రియ పదార్థాన్ని పటికతో, వడపోతతో వీలైనంత తొలగించడంలో ఉంది. ఉపఫలాలను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారాన్ని ఎన్నడూ బలిపెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఏళ్ల తరువాత రాగల స్వల్ప అపాయాన్నీ, పసిపిల్లను రెండు రోజుల్లో కబళించగల అతిసారాన్నీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు.

వాయువుగా క్లోరిన్ ఎంత ప్రమాదకరమో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ యుద్ధరంగంలో దాన్ని ఆయుధంగా వదిలినప్పుడు ప్రపంచం చూసింది. శుద్ధి కేంద్రాల్లో వాడే సుమారు 900 కిలోలు పట్టే టన్నర్లనే పెద్ద సిలిండర్లలో అదే పదార్థం ఉంటుంది; ద్రవరూపంలోని ఒక పాలు బయటపడితే 450 పాళ్లకు పైగా వాయువుగా వ్యాపిస్తుంది. లీకు ఎక్కడుందో కనిపెట్టడానికి సిబ్బంది అమ్మోనియాలో తడిపిన గుడ్డను జాయింట్ల దగ్గర తిప్పుతారు; లీకున్న చోట తెల్లని పొగ లేస్తుంది. కారుతున్న సిలిండర్ మీద నీళ్లు చల్లకూడదు, తేమ తగిలిన క్లోరిన్ లోహాన్ని మరింత వేగంగా కొరికేస్తుంది. ఆ వాయువు పల్లానికి దిగుతుంది కనుక జనం గాలికి ఎదురుగా, మెరకకు వెళ్లాలి. ఇళ్లలోనూ బ్లీచింగ్ పౌడర్‌ను మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో కలిపితే అదే వాయువు పుడుతుంది. మూసిన స్నానాల గదిలో అది ప్రాణాల మీదికి తేగలదు.

గ్రామాల్లో మాత్రం క్లోరిన్ అంటే ప్రధానంగా బ్లీచింగ్ పౌడరే. తాజాగా ఉన్నప్పుడు అందులో దాదాపు మూడో వంతు లభ్య క్లోరిన్, అంటే క్రిములపై పనిచేయగల క్లోరిన్ ఉంటుంది. గాలి, తేమ, వెలుతురు, వేడి తగిలిన కొద్దీ అది హరించుకుపోతుంది. రంగు, రూపం మాత్రం మారవు కనుక చూసి తెలుసుకోవడం కష్టం. ఉదాహరణకు లక్ష లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు లీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ కావాలంటే మొత్తం 200 గ్రాములు కావాలి. పొడిలో 25 శాతం లభ్య క్లోరిన్ ఉంటే 800 గ్రాముల పొడి సరిపోతుంది. అదే పొడి మూతి విప్పిన సంచిలో నెలల తరబడి ఉండి పది శాతానికి పడిపోతే, ఆ 800 గ్రాములు ఇచ్చేది 80 గ్రాములే, లీటరుకు 0.8 మిల్లీగ్రాములు. ఆ నీటి క్లోరిన్ అవసరం లీటరుకు ఒక మిల్లీగ్రాము అయితే కలిపినదంతా అక్కడే హరించి, కుళాయికి చేరేది సున్న. రిజిస్టరులో మాత్రం ఆ రోజు క్లోరినేషన్ జరిగినట్లే నమోదవుతుంది.

బావిని శుద్ధిచేయడానికి పొడిని నేరుగా చల్లడం చాలాచోట్ల కనిపించే అలవాటు, అయినా సరైన పద్ధతి అది కాదు. ముందు బావి వ్యాసాన్ని, నీటి లోతును కొలిచి ఎన్ని లీటర్లున్నాయో లెక్కగట్టాలి. సాధారణంగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి సరిపోతుంది, అంటువ్యాధులు ప్రబలినప్పుడు అంతకన్నా ఎక్కువ అవసరం. బకెట్‌లో పొడిని కొద్ది నీటితో ముద్దగా కలిపి, తరువాత ముప్పాతిక వంతు నీళ్లు పోసి, ఐదు పది నిమిషాలు కదల్చకుండా ఉంచితే సున్నం అడుగున దిగుతుంది. పైన తేరిన నీటిని మరో బకెట్‌లోకి వంచి, దాన్ని తాడుతో బావి నీటిలో ముంచి, పైకీ కిందికీ ఆడించి కలపాలి; అడుగున మిగిలిన సున్నపు ముద్దను బావిలో వేస్తే నీటి కాఠిన్యం పెరుగుతుంది. నీళ్లు తోడుకోవడం ముగిసిన రాత్రివేళ ఈ పని చేస్తే, కనీసం గంటసేపు ఎవరూ తోడకుండా ఉండే వీలుంటుంది, ఎండకు క్లోరిన్ నశించే బాధా తప్పుతుంది. రోజూ శుద్ధిచేయలేని ఇంటి బావుల కోసం నీరీ రెండు కుండల పద్ధతిని రూపొందించింది. ఒక కుండలో మరొక కుండ ఉంచి, లోపలిదానిలో కిలో బ్లీచింగ్ పౌడరూ రెండు కిలోల ముతక ఇసుకా తడిపి నింపి, రెండింటికీ సెంటీమీటరు బెజ్జాలు పెట్టి, నీటి మట్టానికి మీటరు లోతున వేలాడదీస్తే, 20, 25 మంది వాడుకునే చిన్న బావికి రెండు మూడు వారాలపాటు క్లోరిన్ మెల్లమెల్లగా అందుతుంది.

పట్టణాల్లో చిక్కు వేరు. రోజుకు గంటో రెండు గంటలో, కొన్నిచోట్ల రెండు రోజులకొకసారో నీళ్లు వదిలే ఊళ్లలో, మిగిలిన సమయమంతా గొట్టాలు ఖాళీగా పడి ఉంటాయి. ఖాళీ గొట్టంలో ఒత్తిడి తగ్గినప్పుడు పగుళ్ల గుండా పక్కనున్న మురుగు లోపలికి జారుతుంది. మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు ఆ మురుగే ముందుగా కుళాయికి చేరుతుంది. అవశేష క్లోరిన్ కొద్దిపాటి కల్తీని ఎదుర్కొంటుంది, పెద్ద కల్తీని గెలవలేదు. అయితే ఓడిపోయినప్పుడు కూడా అది ఒక సేవ చేస్తుంది: శుద్ధి కేంద్రంలో ఉన్న క్లోరిన్ ఏ వీధి కుళాయిలో మాయమైందో, ఆ వీధికి ముందు గొట్టంలో ఏదో దాన్ని తినేసిందని తెలుస్తుంది. ప్రయోగశాలలో బాక్టీరియా పరీక్షకు ఒకటి రెండు రోజులు పడుతుంది. క్లోరిన్ పరీక్ష నిమిషంలో ముగుస్తుంది.

అందుచేత పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో నీటిలోని క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోప్ పట్టుకొని తిరిగే సిబ్బంది పని చిన్నదేమీ కాదు. పాత పద్ధతిలో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరిగేది. ఆ రసాయనం ఆరోగ్యానికి మంచిది కాదని, అది స్వేచ్ఛా క్లోరిన్‌ను క్లోరమీన్ల నుంచి సరిగా వేరు చేయలేదని తేలడంతో, గులాబీ రంగు చూపే డీపీడీ బిళ్ల దాని స్థానంలోకి వచ్చింది. పరీక్షించే చోటు మాత్రం చాలాసార్లు తప్పుగానే ఉంటోంది. ట్యాంకు పక్కనే ఉన్న మొదటి కుళాయి దగ్గర రంగు ఎప్పుడూ వస్తుంది. గొట్టం ఆఖరున, ఊరి చివరి కాలనీలో, పల్లపు వాడల్లో చూడాలి. అక్కడ నివసించేది తరచుగా పేదవారే, విరేచనాలు మొదట తగిలేదీ వారి పిల్లలకే.

ఈమధ్య తెలుగు పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఇరవై లీటర్ల ఆర్.ఓ. నీళ్ల క్యాన్లు ఇంటింటికీ చేరుతున్నాయి. ఆ యంత్రాల్లోని సన్నని పొర క్లోరిన్‌కు పాడైపోతుంది కనుక, ముందుగా కార్బన్ వడపోతలో క్లోరిన్‌ను పూర్తిగా తీసివేస్తారు. లవణాలు తగ్గి రుచి బాగుంటుంది. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో దాని మేలు కాదనలేనిది. కానీ అక్కడి నుంచి బయలుదేరిన నీటికి కాపలా ఏదీ ఉండదు. సరిగా కడగని క్యానులో, రోజుల తరబడి మూత తీసి పెట్టిన కుళాయి పాత్రలో, ముంచిన గ్లాసుతో చేరిన క్రిమిని ఆపగలది ఆ నీటిలో లేదు. కాస్త వాసన వస్తోందని మునిసిపల్ నీళ్లను పక్కన పెట్టేవారు ఆ నీటిని మూత వేయని శుభ్రమైన పాత్రలో కొన్ని గంటలు ఉంచినా, ఒకసారి కాచి చల్లార్చినా వాసన చాలావరకు పోతుంది. అలా వాసన పోయిన నీటిని ఆ రోజుకే వాడుకొని, మిగిలినదాన్ని మరునాటికి ఉంచకపోవడం మంచిది. కుళాయి తిప్పగానే ఎన్నడూ లేనిది వాసన పూర్తిగా లేకపోయినా, నీటికి మసక రంగు కనిపించినా, ఆ నీటిని కాచే తాగాలి. అదే రోజు వార్డు సచివాలయానికో, పురపాలక కార్యాలయానికో తెలిపి చివరి కుళాయి దగ్గర డీపీడీ పరీక్ష చేయించాలి. రంగు రాకపోతే ట్యాంకులో మరో గుప్పెడు పొడి వేయడంతో సరిపెట్టుకోక, గొట్టం ఎక్కడ పగిలిందో తవ్వి చూడమని అడగాలి.